గేరు, చట్టం, బతుకుతెరువు: సత్యవేడు ప్రాంతంలో లారీ డ్రైవింగ్ శిక్షణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

లారీ లైసెన్సు కోసం శిక్షణ పొందే అభ్యర్థి చేతితో గేరు మార్చే బండిపై నేర్చుకోవాలా, గేరు తానే మార్చుకునే ఆటోమేటిక్ బండిపై నేర్చుకోవాలా అనే ప్రశ్న ఇటీవలి కాలంలో ముందుకు వచ్చింది. అమెరికా, ఐరోపా దేశాలు ఈ భేదాన్ని లైసెన్సు నిబంధనల్లోనే పొందుపరచాయి. భారతదేశ మోటారు వాహనాల చట్టం గేరు ఉన్న, గేరు లేని మోటారు సైకిళ్లను వేర్వేరు తరగతులుగా గుర్తించింది కానీ లారీల విషయంలో అటువంటి విభజన చేయలేదు. ఈ మౌనానికి చారిత్రక కారణాలేమిటి? దాని భారం ఎవరిపై పడుతోంది? తిరుపతి జిల్లా సత్యవేడు ప్రాంతాన్ని కేంద్రంగా తీసుకుని ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నలను పరిశీలిస్తుంది. చట్టపాఠాలు, వాహన నిర్మాణ చరిత్ర, ప్రాంతీయ పాలనా చరిత్ర ఇందుకు ప్రధాన ఆధారాలు.

కీలకపదాలు: సత్యవేడు, శ్రీసిటీ, లారీ డ్రైవరు, క్లీనరు, గేరు, క్లచ్చి, ఘాట్ రోడ్డు, మోటారు వాహనాల చట్టం, డ్రైవింగ్ శిక్షణ.

1. ఉపోద్ఘాతం

తెలుగు ప్రాంతాల సామాజిక చరిత్రలో లారీ డ్రైవరుకు ఉన్న స్థానం తక్కువేమీ కాదు. రైలు చేరని ఊళ్లకు ఎరువులు, సిమెంటు, బియ్యం చేర్చినవాడు అతడే. పొలంలేని ఇంటి యువకుడికి కూలి నుంచి నెలజీతానికి ఎదగడానికి దొరికిన దారుల్లో ‘హెవీ లైసెన్సు’ ఒకటి. అయినా మన చరిత్ర రచనలో రోడ్డు కనిపించినంతగా ఆ రోడ్డుపై బండి నడిపే చేయి కనిపించదు. ఆ చేతి నైపుణ్యాన్ని ఎవరు నేర్పారు, ఎవరు పరీక్షించారు, దేన్ని నైపుణ్యంగా లెక్కించారు అన్నవి చరిత్రకారులు అడగవలసిన ప్రశ్నలే.

ఈ ప్రశ్నలన్నీ ఒక చిన్న యంత్రభాగం దగ్గర కలుస్తాయి. అది గేరు. సుమారు వందేళ్లపాటు లారీ నడపడం నేర్చుకోవడమంటే ప్రధానంగా గేరు మార్చడం నేర్చుకోవడమే. నేడు ఆ పనిని యంత్రమే చేసే బండ్లు వస్తున్నాయి. కనుక శిక్షణకు ఏ బండి ఎంచుకోవాలన్నది కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు. వందేళ్ల నైపుణ్యాన్ని అభ్యర్థి నేర్చుకుంటాడా, వదిలివేస్తాడా అన్నది ఆ ఎంపికతో తేలుతుంది. ఆ నిర్ణయాన్ని చట్టం తాను తీసుకోకుండా అభ్యర్థికీ శిక్షణ పాఠశాలకూ వదిలివేసిందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సత్యవేడు: సరిహద్దు, రోడ్డు, పరిశ్రమ

సత్యవేడు పూర్వం మద్రాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లాకు చెందిన ప్రాంతం. పటాస్కర్ నివేదిక ఆధారంగా 1959లో ఆంధ్రప్రదేశ్, మద్రాసు రాష్ట్రాల సరిహద్దుల మార్పు చట్టం వచ్చింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం మద్రాసుకు వెళ్లగా, తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాల నుంచి కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. ఆ విధంగా సత్యవేడు చిత్తూరు జిల్లాలో చేరింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో తిరుపతి జిల్లాలో భాగమైంది.

పాలన మారినా రోడ్ల దిశ మారలేదు. ఊత్తుకోట, గుమ్మిడిపూండి, తడ, చెన్నై ఓడరేవుల వైపు ఈ ప్రాంతపు రాకపోకలు ఎప్పటిలాగే కొనసాగాయి. 1960కి ముందు ఇక్కడి డ్రైవరు లైసెన్సు మద్రాసు రాష్ట్ర యంత్రాంగం చేతిలో ఉండేది. తర్వాత అది ఆంధ్రప్రదేశ్ యంత్రాంగం చేతికి వచ్చింది. అయితే రెండు వైపులా అమలులో ఉన్నది 1939 నాటి కేంద్ర మోటారు వాహనాల చట్టమే. రాష్ట్రం మారినా డ్రైవరు పాటించవలసిన మూలచట్టం ఒక్కటే.

ఈ ప్రాంతానికి మరో విశేషం ఉంది. దేశంలో లారీల తయారీ మొదలైన తొలి కేంద్రాలలో ఒకటి దీనికి దగ్గరలోనే ఉంది. 1948లో స్థాపితమైన అశోక్ మోటార్స్ సత్యవేడుకు ఆగ్నేయంగా, చెన్నై ఉత్తర శివారులోని ఎన్నూరులో మొదట ఆస్టిన్ కార్లను కూర్చింది. బ్రిటన్‌కు చెందిన లేలాండ్ భాగస్వామ్యంతో 1955లో అశోక్ లేలాండ్‌గా మారి, లారీలు, బస్సుల నిర్మాణానికి పేరుపొందింది. అంతకు ఏడాది ముందు, 1954లో, టాటా సంస్థ మెర్సిడెస్ బెంజ్ సహకారంతో జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ ప్రారంభించింది. దక్షిణాది రోడ్లపై కొన్ని దశాబ్దాలపాటు ‘లేలాండు’, ‘టాటా’ అన్న రెండు పేర్లే లారీకి పర్యాయపదాలుగా నిలిచాయి.

2008లో సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల పరిధిలో శ్రీసిటీ పారిశ్రామిక నగరం ఏర్పడింది. 2016లో అక్కడ ఇసుజు సంస్థ కర్మాగారం ప్రారంభమైంది. సత్యవేడు మండలం మాదనపాళెంలో హీరో మోటోకార్ప్ కర్మాగారం వచ్చింది. ముడిసరుకులు, కంటైనర్లు, తయారైన బండ్లు ఇక్కడి నుంచి ఓడరేవులకూ, ఓడరేవుల నుంచి ఇక్కడికీ సాగే రవాణాతో లారీ డ్రైవరు అవసరం ఈ ప్రాంతంలో పెరిగింది. ఊరి యువకుడికి హెవీ లైసెన్సు ఇప్పుడు ఇంటి పక్కనే దొరికే ఉపాధికి ప్రవేశపత్రం.

3. గేరు ఒక విద్యగా మారిన తీరు

ఇంజను ఒక పరిమిత వేగశ్రేణిలో మాత్రమే సరైన బలాన్ని ఇస్తుంది. బరువుతో కదలడానికి ఎక్కువ లాగుడు, చదును రోడ్డుపై సాగడానికి ఎక్కువ వేగం కావాలి. ఈ రెంటినీ పళ్లచక్రాల నిష్పత్తి మార్చి సాధించే అమరిక గేరుపెట్టె. క్లచ్చి ఇంజనునూ గేరుపెట్టెనూ తాత్కాలికంగా విడదీస్తుంది.

తొలినాటి గేరుపెట్టెల్లో చక్రాల వేగాలను సమం చేసే ఏర్పాటు లేదు. ఆ ఏర్పాటు, అంటే సింక్రోమెష్, 1928లో అమెరికాలో క్యాడిలాక్ కార్లలో వచ్చింది. లారీలలోకి రావడానికి మరింత కాలం పట్టింది. అంతవరకు ఆ సమీకరణ బాధ్యత డ్రైవరుదే. కింది గేరుకు రావాలంటే క్లచ్చి తొక్కి న్యూట్రల్‌కు తేవాలి. క్లచ్చి వదిలి యాక్సిలరేటరుతో ఇంజను వేగం పెంచాలి. మళ్లీ క్లచ్చి తొక్కి గేరు వేయాలి. దీన్నే డ్రైవర్లు ‘డబుల్ క్లచ్’ అన్నారు. వేగాలు కలవకపోతే పళ్లు గరగరమని మొత్తుకుంటాయి, గేరు పడదు. ఎగువన బరువుతో ఉన్న బండికి గేరు పడకపోతే అది వెనక్కి జారుతుంది. అందువల్ల ఆనాటి డ్రైవరు బండిని కంటితో ఎంత నడిపాడో చెవితో అంత నడిపాడు. ఇంజను మోత మారడాన్ని బట్టి గేరు ఎప్పుడు మార్చాలో గ్రహించాడు.

ఈ విద్యకు పాఠశాల లేదు. దానికి బడి లారీ క్యాబిన్, ఉపాధ్యాయుడు డ్రైవరు, విద్యార్థి క్లీనరు. క్లీనరు అద్దాలు తుడిచేవాడు, టైర్ల గాలి చూసేవాడు, రేడియేటరులో నీళ్లు పోసేవాడు, వెనక్కి తీసేటప్పుడు దారి చెప్పేవాడు, రాత్రి సరుకుకు కాపలా ఉండేవాడు. ఏళ్లు గడిచాక డ్రైవరు దయతలిచి ఖాళీ రోడ్డుపై స్టీరింగు ఇచ్చేవాడు. క్లీనరు శ్రమకు ప్రతిఫలంగా దక్కేది ఎక్కువగా కూడు, బత్తెం, ఆ కొద్దిసేపటి స్టీరింగు. గురువును ‘అన్నా’ అని పిలిచే ఈ బంధంలో ఆత్మీయత ఉంది, ఆధిపత్యమూ ఉంది. నేర్పడం, నేర్పకపోవడం అన్నవి పూర్తిగా గురువు ఇష్టం.

ఈ కోణంలో గేరు కేవలం యంత్రభాగం కాదు, వృత్తికి కాపలా ఉన్న గడప. దాన్ని దాటినవాడు డ్రైవరు, దాటనివాడు క్లీనరు. ఇద్దరి కూలి మధ్య, గౌరవం మధ్య ఉన్న దూరమంతా ఆ గడప ఎత్తే.

4. గేరే బ్రేకు: ఘాట్ రోడ్డు పాఠం

గేరును బండిని లాగే సాధనంగా మాత్రమే చూస్తే సగం చరిత్రే తెలుస్తుంది. దక్షిణ రాయలసీమ డ్రైవరుకు గేరు బండిని ఆపే సాధనం కూడా. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండవది 1974లో వాడుకలోకి వచ్చాయి. చిత్తూరు నుంచి పలమనేరు వైపు వెళ్లే దారిలోని మొగిలి ఘాట్, తిరుపతికి పడమట ఉన్న భాకరాపేట ఘాట్ ఈ ప్రాంత డ్రైవర్లకు పరిచితమైనవి. సత్యవేడు పరిసరాలు చాలావరకు చదునైనవే. కానీ అక్కడ లైసెన్సు పొందిన డ్రైవరు బెంగళూరు వైపు సరుకు తీసుకెళ్తే మొగిలి ఘాట్ అతని దారిలోకే వస్తుంది.

బరువుతో దిగే లారీని కాలి బ్రేకుతోనే అదుపు చేస్తే బ్రేకు డ్రమ్ములు వేడెక్కుతాయి. వేడెక్కిన లైనింగు పట్టు కోల్పోతుంది. అప్పుడు ఎంత తొక్కినా బండి ఆగదు. దీనికి విరుగుడు కింది గేరులో దిగడం. అప్పుడు చక్రాలే ఇంజనును తిప్పుతాయి, ఇంజను వాటిని వెనక్కి లాగుతుంది. ‘ఎక్కిన గేరులోనే దిగాలి’ అన్న డ్రైవర్ల సూత్రం వెనుక ఉన్న భౌతికశాస్త్రం ఇదే. డీజిలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దించడం ఎంత ప్రమాదమో కూడా ఇక్కడే అర్థమవుతుంది. న్యూట్రల్‌లో ఉన్న లారీకి ఇంజను పట్టు ఉండదు.

ఈ జ్ఞానం 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోనూ కనిపిస్తుంది. డ్రైవింగు పరీక్షను వివరించే 15వ నియమం అభ్యర్థి చూపవలసిన సామర్థ్యాలను వరుసగా పేర్కొంది. రద్దీని బట్టి పై గేరు నుంచి కింది గేరుకు త్వరగా రావడం, పల్లంలో దిగేటప్పుడు త్వరగా కింది గేర్లకు మారడం, ఎగువన ఆపిన బండిని వెనక్కి జారకుండా మళ్లీ కదిలించడం వాటిలో ఉన్నాయి. ప్రజలు ‘బ్రేకు ఇన్‌స్పెక్టరు’ అని పిలుచుకునే మోటారు వాహనాల తనిఖీ అధికారి ఈ నియమం ప్రకారం పరీక్షించవలసిన వాటిలో గేరుకు ముఖ్యస్థానం ఉంది.

5. చట్టం మాట్లాడిన చోటు, మౌనం వహించిన చోటు

దేశవ్యాప్త మోటారు చట్టాల వరుస 1914లో మొదలైంది. 1939 చట్టం దాని స్థానంలో వచ్చింది. 1988 చట్టం 1989 జులై 1 నుంచి అమలులోకి వచ్చింది. 1988 చట్టంలోని 10వ సెక్షను లైసెన్సు తరగతులను నిర్దేశిస్తుంది. మొదటి రెండు తరగతులు గేరు లేని మోటారు సైకిలు, గేరు ఉన్న మోటారు సైకిలు. ఆ తర్వాత తేలికపాటి మోటారు వాహనం. మొదట మధ్యతరహా, భారీ సరుకు వాహనాలకూ ప్రయాణికుల వాహనాలకూ వేర్వేరు తరగతులుండేవి. 1994 సవరణ వాటన్నింటినీ కలిపి ‘రవాణా వాహనం’ అనే ఒకే తరగతిని చేసింది.

ఈ క్రమంలో ఒక వైరుధ్యం ఉంది. చట్టం స్కూటరు విషయంలో గేరును ప్రత్యేక నైపుణ్యంగా గుర్తించింది. గేరు లేని బండికి మాత్రమే లైసెన్సు ఉన్నవాడు గేరు ఉన్న మోటారు సైకిలు నడపరాదు. సత్యవేడు మండలంలోని మాదనపాళెం కర్మాగారంలో తయారయ్యే విడా విద్యుత్ స్కూటరుకు గేర్లు లేవు. దాన్ని నడపడానికి మాత్రమే లైసెన్సు పొందిన విద్యార్థి తండ్రి గేరు బండి ఎక్కితే నేరం. అదే విద్యార్థి కొన్నేళ్ల తర్వాత ఆటోమేటిక్ లారీపై పరీక్ష ఇచ్చి రవాణా వాహనాల లైసెన్సు పొందితే, మరునాడే పదిటన్నుల బరువుతో చేతిగేరు లారీని ఘాట్ రోడ్డుపై నడపడానికి చట్టం అడ్డుచెప్పదు.

ఈ మౌనం శాసనకర్తల అజాగ్రత్త కాదని చారిత్రక సందర్భం సూచిస్తుంది. 1988లో భారతీయ లారీ అంటే చేతిగేరు లారీయే. మరో రకం ఉండవచ్చన్న ఊహకే అవసరం రాలేదు. ఆ ఊహ లేకపోవడానికి నియమావళిలోనే మరో సాక్ష్యం ఉంది. డ్రైవింగు పాఠశాలకు అనుమతి ఇవ్వడానికి ఉండవలసిన ఉపకరణాల జాబితాలో, మోటారు సైకిళ్లు మాత్రమే నేర్పే పాఠశాలలకు తప్ప, ఇంజను, బ్రేకు భాగాలతోపాటు గేరుపెట్టె కూడా చేరింది. చట్టం దృష్టిలో గేరుపెట్టె లేని మోటారు విద్య లేదు. గేరును అంతగా నమ్మినందువల్లనే దాన్ని ప్రత్యేకంగా పేర్కొనలేదు.

చట్టం ఇతర విషయాల్లో మారుతూనే ఉంది. డ్రైవర్లకు 8వ తరగతి విద్యార్హత నిబంధనను 2019లో తొలగించారు. చదువు మధ్యలో ఆపిన క్లీనర్లకు ఇది పెద్ద వెసులుబాటు. 2021 జులై నుంచి అమలైన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నియమాలు భారీ వాహన శిక్షణకు 6 వారాలలో 38 గంటల పాఠ్యక్రమం నిర్దేశించి, సిమ్యులేటర్లను తప్పనిసరి చేశాయి. స్థూల బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాలను తేలికపాటి వాహన లైసెన్సుతోనే నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం రంభాదేవి కేసులో తేల్చింది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీ క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అయింది. డ్రైవరు చదువు, శిక్షణ గంటలు, బండి బరువు, క్యాబిన్ చల్లదనం అన్నీ చర్చకు వచ్చాయి. క్లచ్చి పెడలు ఒక్కటీ రాలేదు.

6. యంత్రం మారిన క్రమం

‘ఆటోమేటిక్’ అన్న ఒకే మాట కింద కనీసం మూడు రకాల బండ్లున్నాయని గుర్తించాలి. మొదటిది ద్రవం ద్వారా బలాన్ని అందించే సంపూర్ణ ఆటోమేటిక్ గేరుపెట్టె. రెండవది మామూలు గేరుపెట్టెనే ఉంచి క్లచ్చినీ గేరు మార్పునూ కంప్యూటరుకు అప్పగించే పద్ధతి. దీన్నే ఏఎంటీ అంటున్నారు. మూడవది విద్యుత్ వాహనం. ఇందులో చాలావాటికి మార్చవలసిన గేర్లే ఉండవు.

రెండవ పద్ధతి చరిత్రకు సత్యవేడుతో ఆసక్తికరమైన సంబంధం ఉంది. క్లచ్చి పెడలు లేకుండా ఎలక్ట్రానిక్ నియంత్రణతో పనిచేసే ‘నావి-5’ గేరుపెట్టెను ఇసుజు సంస్థ 1984లో జపాన్‌లో ముందుగా కార్లలో ప్రవేశపెట్టి, తర్వాత లారీలకు విస్తరించింది. వోల్వో ‘ఐ-షిఫ్ట్’ 2001లో వచ్చి ఐరోపా భారీ లారీల తీరునే మార్చింది. భారతదేశంలో ముందుగా గనుల టిప్పర్లు, నగర బస్సుల ద్వారా ఈ మార్పు కనిపించింది. ఇప్పుడు దేశీయ లారీ సంస్థలు కూడా ఏఎంటీ బండ్లను అమ్ముతున్నాయి.

అదే ఇసుజు శ్రీసిటీ కర్మాగారంలో తయారుచేసే డీ-మాక్స్ శ్రేణిని పరిశీలిస్తే మన మార్కెట్ స్వభావం తెలుస్తుంది. సొంత వాడకానికి కొనే వీ-క్రాస్ పికప్ ఆటోమేటిక్ గేరుతోనూ దొరుకుతుంది. సరుకు మోసే పికప్ చేతిగేరుతో వస్తుంది. ఒకే కర్మాగారం నుంచి యజమాని నడిపే బండికి ఆటోమేటిక్, జీతగాడు నడిపే బండికి క్లచ్చి. కొనేవాడూ నడిపేవాడూ ఒక్కరే అయిన చోట ఎడమకాలి నొప్పికి విలువ ఉంది. ఇద్దరూ వేరైన చోట బండి ధర, మరమ్మతు ఖర్చు ముందుకు వస్తాయి.

మూడవ పద్ధతి తిరుపతికి ఘాట్ రోడ్డు మీదుగానే వచ్చింది. 2022 సెప్టెంబరులో తిరుమల–తిరుపతి మార్గంలో ఏపీఎస్‌ఆర్‌టీసీ విద్యుత్ బస్సులు ప్రారంభమయ్యాయి. ఈ పథకం కింద తిరుపతి కేంద్రానికి కేటాయించినవి 100 బస్సులు. దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి బండిని నిదానింపజేస్తూ బ్యాటరీని నింపుతుంది. ‘ఎక్కిన గేరులోనే దిగాలి’ అన్న సూత్రం ఇక్కడ రూపం మార్చుకుంది కానీ రద్దు కాలేదు. బ్యాటరీ పూర్తిగా నిండి ఉన్నప్పుడు ఈ నిరోధం తగ్గుతుందని డ్రైవరుకు తెలిసి ఉండాలి. 2025 జులైలో కేంద్రప్రభుత్వం విద్యుత్ లారీలకు ఒక్కొక్కదానికి గరిష్ఠంగా 9.6 లక్షల రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. కనుక గేరు లేని భారీ వాహనం ఇక దూరపు విషయం కాదు.

7. ఇతర దేశాల పరిష్కారాలు

అమెరికా వాణిజ్య వాహన లైసెన్సుల నిబంధనలను 2011లో సవరిస్తూ, చేతిగేరు లేని బండిపై పరీక్ష ఇచ్చినవారి లైసెన్సుపై ‘ఇ’ అనే పరిమితి గుర్తు వేయాలని నిర్దేశించింది. అక్కడ చేతిగేరుకు నిర్వచనం డ్రైవరు స్వయంగా పనిచేయించే క్లచ్చి ఉండడం. అందువల్ల ఏఎంటీ బండి కూడా ఆటోమేటిక్ కిందికే వస్తుంది. ఆ గుర్తు ఉన్నవాడు చేతిగేరు వాణిజ్య వాహనం నడపాలంటే మళ్లీ పరీక్షకు వెళ్లాలి.

ఐరోపా సంఘం 2006 నాటి ఆదేశంలో లారీ పరీక్ష బండికి కనీసం 8 ముందు గేర్లు ఉండాలని కోరింది. ఆటోమేటిక్ లారీలు విస్తరించాక, 2012లో ఆ నిబంధనను సడలించింది. అభ్యర్థి అంతకుముందే మరో తరగతిలో చేతిగేరు బండిపై పరీక్ష గెలిచి ఉంటే, ఆటోమేటిక్ లారీపై పరీక్ష ఇచ్చినా పరిమితి వేయనవసరం లేదు. బ్రిటన్ ఈ పద్ధతిని 2014లో అమలులోకి తెచ్చింది.

ఈ రెండు నమూనాలలో బ్రిటన్ నమూనా ఉదారంగా కనిపిస్తుంది. మనకు తగినదని కూడా అనిపిస్తుంది. కానీ దాని పునాదిని గమనించాలి. అక్కడ కారు లైసెన్సు స్థాయిలోనే చేతిగేరు, ఆటోమేటిక్ భేదం నమోదై ఉంటుంది. అందుకే లారీ దగ్గర సడలింపు సాధ్యమైంది. మన చట్టంలోని 7వ సెక్షను ప్రకారం రవాణా వాహనం నేర్చుకోవాలంటే కనీసం ఏడాదిపాటు తేలికపాటి వాహన లైసెన్సు ఉండాలి. ఇప్పటివరకు ఆ మెట్టు పరోక్షంగా చేతిగేరుకు హామీగా పనిచేసింది. చేతిగేరు కారే సర్వసాధారణంగా ఉన్న కాలంలో అది చాలింది. ఆటోమేటిక్ కార్లు పెరుగుతున్నకొద్దీ ఆ హామీ కరిగిపోతోంది. మన కారు లైసెన్సు గేరు గురించి ఏమీ చెప్పదు. క్లచ్చిని ఎన్నడూ తొక్కని వ్యక్తి రెండు లైసెన్సులనూ సక్రమంగానే పొందగల స్థితి ఏర్పడింది.

8. ఎంపిక భారం ఎవరిది?

ఈ నేపథ్యంలో సత్యవేడు అభ్యర్థి ఎంపికను అంచనా వేయాలి. ఆటోమేటిక్ పక్షాన బలమైన వాదనలున్నాయి. ఎడమకాలి శ్రమ తగ్గుతుంది, దృష్టి రోడ్డుపై నిలుస్తుంది. మొదటి రోజుల్లో అభ్యర్థి గేరు భయం లేకుండా మలుపు, అద్దం, దూరం, బండి పొడవు అన్నవాటిపై మనసు పెట్టగలడు. క్లీనరుగా ఏళ్లు గడపలేని మహిళలకూ, వయసు మీరి వృత్తి మారేవారికీ గేరు గడప తగ్గడం న్యాయమైన విషయం. పాత గురుశిష్య పద్ధతిలోని ఉచిత చాకిరీని తిరిగి తేవాలని ఎవరూ కోరరు.

మరోవైపు, రోడ్డుపై తిరిగే లారీలలో చేతిగేరువే అధికం. చిన్న యజమాని దగ్గర పని దొరికే కొత్త డ్రైవరుకు ఇచ్చేది సాధారణంగా పాత బండి. కొత్త ఏఎంటీ బండ్లు అనుభవజ్ఞుల చేతికి వెళతాయి. ఆటోమేటిక్‌పై మాత్రమే నేర్చుకున్నవాడికి లైసెన్సు అన్ని తలుపులూ తెరుస్తుంది కానీ నైపుణ్యం కొన్నింటినే తెరుస్తుంది. ఈ రెంటి మధ్య ఖాళీని అతడు ఎక్కడ పూడ్చుకుంటాడు? ఉద్యోగంలో చేరిన తర్వాత, సరుకు నిండిన బండిపై, రద్దీ రోడ్డుపై. అంటే పరీక్షాధికారి ముందు జరగవలసిన పరీక్ష ఘాట్ రోడ్డుపై జరుగుతుంది. అందులో ఓడితే నష్టం అతనిది మాత్రమే కాదు, ఎదురుగా వచ్చే బస్సుదీ.

అమెరికా డ్రైవరు తన పరిమితిని లైసెన్సుపై చూసుకోగలడు, యజమాని కూడా చూడగలడు. మన డ్రైవరు పరిమితి అతనికి ఒక్కడికే తెలుసు. ఉపాధి అవసరం ఉన్నవాడు దాన్ని బయటపెట్టడు. ఈ మౌనం చట్టంలో మొదలై చివరికి పేద అభ్యర్థి నోట ముగుస్తుంది.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. భారతీయ చట్టం లారీలలో గేరు భేదాన్ని గుర్తించకపోవడానికి కారణం గేరును తక్కువగా చూడడం కాదు. చేతిగేరు లేని లారీని 1988 నాటి వాహనరంగం ఊహించనవసరం లేకపోవడం.

2. గేరు నైపుణ్యం క్లీనరుకూ డ్రైవరుకూ మధ్య సామాజిక గడపగా పనిచేసింది. ఆటోమేటిక్ బండి ఆ గడపను తగ్గించడం మేలే. కానీ గేరులో ఇమిడి ఉన్న నిరోధజ్ఞానం, అంటే పల్లంలో బండిని ఎలా పట్టి ఉంచాలన్న తెలివి, ఆటోమేటిక్, విద్యుత్ వాహనాలకూ అవసరమే.

3. 15వ నియమంలోని పల్లం పరీక్షను ఏఎంటీ బండ్లలో గేరును ఎంచి పట్టి ఉంచే పద్ధతికీ, విద్యుత్ బండ్లలో మోటారు నిరోధానికీ వర్తించేలా తిరిగి రాయవలసి ఉంది.

4. బ్రిటన్ తరహా సడలింపు మనకు అనుకూలమే. అయితే దానికి ముందు తేలికపాటి వాహన లైసెన్సు స్థాయిలో శిక్షణ బండి రకాన్ని నమోదు చేయాలి. నిషేధం లేకపోయినా ఆ నమోదు ఒక్కటే యజమానికీ డ్రైవరుకూ నిజం చెబుతుంది.

5. ఆ మార్పు వచ్చేంతవరకు సత్యవేడు వంటి ప్రాంతంలో ఉపాధి కోరే అభ్యర్థికి చేతిగేరు బండిపై శిక్షణ పూర్తిచేసి, ఆటోమేటిక్‌ను అదనంగా అలవాటు చేసుకోవడం శ్రేయస్కరం. చేతిగేరు నేర్చినవాడికి ఆటోమేటిక్ కొద్ది రోజుల అలవాటు. ఆటోమేటిక్ నేర్చినవాడికి చేతిగేరు మళ్లీ మొదటి నుంచి నేర్వవలసిన విద్య.

1960లో ఈ ప్రాంతం ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి మారినప్పుడు దస్త్రాలు మారాయి, అధికారులు మారారు. డ్రైవరు కాలికింద క్లచ్చి అలాగే ఉంది. ఇప్పుడు దస్త్రాలు అలాగే ఉన్నాయి, క్లచ్చి తొలగిపోతోంది. మొదటి మార్పును శాసనసభలు చర్చించి, సరిహద్దు గీసి, చట్టం చేశాయి. రెండవ మార్పుకు కూడా అంతటి శ్రద్ధ అవసరం.